ఊపిరిని తూచిన శాస్త్రవేత్త

భారతయుద్ధం ముగియవచ్చిన వేళ సర్వసైన్యాన్నీ కోల్పోయిన దుర్యోధనుడు ద్వైపాయన హ్రదంలో ప్రవేశించి, జలస్తంభన విద్యతో నీటి అడుగున దాగి ఉన్నాడని మన కవులు వర్ణించారు. ఆ విద్య కావ్యలోకానిది. సామాన్య మానవుడు నీటి అడుగున నిలవాలంటే అతనికి గాలి కావాలి. విచిత్రమేమంటే, ప్రాణాన్ని నిలిపే ఆ గాలే అతనిని అడుగున నిలువనీయక పైకి తేల్చుతుంది. పల్నాటి పల్లెల్లోను, ప్రకాశం జిల్లా మెట్ట గ్రామాల్లోను దిగుడుబావులు నిండుగా ఉన్న రోజుల్లో పిల్లలు ఎండిన సొరకాయ బుర్రను నడుముకు కట్టుకొని ఈత నేర్చుకొనేవారు. బుర్రలోని గాలి వారిని తేల్చేది. ఈత వచ్చిన కుర్రవాడు బుర్ర విప్పి పక్కన పెట్టి, రొమ్ము నిండా ఊపిరి పీల్చి వెల్లకిలా పడుకొంటే తేలేవాడు. బావిలో జారిపడిన చెంబు కోసం మునగవలసి వస్తే ఊపిరి కొంత వదలి అడుగుకు దిగేవాడు. తన రొమ్ములోనే ఒక సొరబుర్ర ఉన్నదని ఏ శాస్త్రమూ చదవకుండానే అతడు గ్రహించాడు.

నీటి అడుగున గాలి మనిషికి ఎంతవరకు మిత్రమో, ఎక్కడ శత్రువవుతుందో తెలుసుకోవడానికి తన శరీరాన్నే ప్రయోగశాలగా మార్చుకొన్న శాస్త్రవేత్త జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. ఆయన ఇంగ్లండులో పుట్టి, భారత పౌరుడై, మరణానంతరం మన కాకినాడకు చేరారు. జన్యుశాస్త్రంలో ఆయన పేరు చిరస్మరణీయం. కాని జలాంతర్గాములలో పనిచేసేవారు, సముద్రగర్భంలోకి దిగేవారు ఆయనను స్మరించవలసిన కారణం వేరు.

హాల్డేన్ 1892వ సంవత్సరం నవంబరు 5న ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త. తల్లి లూయీసా కాథ్లీన్. చెల్లెలు నయోమి తరువాతి కాలంలో రచయిత్రిగా కీర్తి గడించారు. ఇంట్లో ఆయనను జాక్ అని పిలిచేవారు. తండ్రి పరిశోధన అంతా గాలిని గురించే. గనులలో, సొరంగాలలో, నౌకలలో మనిషి పీల్చే గాలి ఎలా చెడుతుంది, చెడిన గాలి మనిషిని ఎలా చంపుతుంది అన్నది ఆయన జీవితకాలపు అన్వేషణ. మన ప్రాంతంలో పాడుబావిలో పూడిక తీసేవారు ముందుగా తాడుకు దీపం కట్టి లోపలికి దించడం పూర్వంనుంచీ ఉన్నదే. దీపం ఆరితే దిగరు. అయితే దీపాన్ని ఆర్పకుండా మనిషిని మాత్రం నిశ్శబ్దంగా చంపే విషవాయువు ఒకటి ఉన్నది. అది కార్బన్ మోనాక్సైడ్. దానిని పసికట్టడానికి ఎలుకల వంటి చిన్న ప్రాణులను, కెనరీ పిట్టలను గనులలోకి వెంట తీసుకొనిపోవాలని సూచించినవారు జాన్ స్కాట్ హాల్డేన్. చిన్న ప్రాణులు మనిషికన్న ముందే సొమ్మసిల్లి అపాయాన్ని తెలుపుతాయి.

తండ్రి తన కుమారుని బాల్యంనుంచే వెంట తిప్పారు. లండనులో భూగర్భ రైలుమార్గపు గాలిని పరీక్షించడానికి వెళ్ళినప్పుడు పసివాడైన జాక్ కూడా ఉన్నాడు. ఒకసారి ఒక బొగ్గుగనిలో తక్కువ ఎత్తుగల చోటికి చేరిన తరువాత, కుమారుని లేచి నిలబడి షేక్స్‌పియర్ రచించిన జూలియస్ సీజర్ నాటకంలోని ఆంటోనీ ప్రసంగాన్ని వల్లించమన్నారు. బాలుడు కొన్ని పంక్తులు వల్లించేలోగా కాళ్ళు తడబడి కూలబడిపోయాడు. నేలమీద పడిన తరువాత తేరుకొన్నాడు. గాలికన్న తేలికైన మీథేన్ వాయువు గని పైకప్పును ఆనుకొని ఉంటుందనీ, నేలవద్ద గాలి పీల్చదగినదిగానే ఉంటుందనీ తండ్రి ఆ విధంగా పాఠం చెప్పారు. ఇటువంటి బోధన ఈనాటి తల్లిదండ్రులకు సమ్మతం కాదు; కాకూడదు కూడా. కాని ఆ బాలుడు ఆ పాఠాన్ని జీవితాంతం మరువలేదు.

ఆ కాలంలో నీటి అడుగున పనిచేసేవారిని ఒక వింత వ్యాధి పీడించేది. ఎక్కువ లోతులో చాలాసేపు ఉండి త్వరగా పైకి వచ్చినవారికి కీళ్ళలో భరింపరాని నొప్పులు, పక్షవాతం, ఒక్కొక్కప్పుడు మరణం సంభవించేవి. లోతున అధిక పీడనంలో గాలిలోని నత్రజని రక్తంలో, కండరాలలో కరుగుతుంది. పీడనం హఠాత్తుగా తగ్గితే, సోడా సీసా మూత తీసినప్పటివలె, ఆ నత్రజని బుడగలై బయటికి వస్తుంది. దీనికి పరిష్కారం కనుగొనమని బ్రిటిష్ నౌకాదళం తండ్రి హాల్డేన్‌ను కోరింది. ఆయన బాయ్‌కాట్, డామంట్ అనే ఇద్దరు సహచరులతో కలిసి లండనులోని లిస్టర్ సంస్థలో ఒక పెద్ద ఉక్కు గదిలో మేకలను ఉంచి పీడనాన్ని పెంచుతూ, తగ్గిస్తూ పరీక్షించారు. పైకి వచ్చేటప్పుడు మజిలీలు చేసుకొంటూ, ఒక్కొక్క మజిలీలో నిర్ణీత సమయం ఆగుతూ రావాలన్నది వారి నిర్ణయం. ఎంత లోతునకు ఎన్ని మజిలీలు, ఎంతెంత సేపు అన్న పట్టికలను 1908లో ప్రకటించారు. తరువాతివారు ఆ పట్టికలను చాలా సవరించారు. మజిలీల పద్ధతి మాత్రం నేటికీ నిలిచి ఉన్నది.

ఆ పట్టికల పరీక్ష 1906వ సంవత్సరం వేసవిలో స్కాట్లండు తీరాన జరిగింది. డామంట్, కాటో అనే నౌకాదళ సిబ్బంది ఇద్దరు 210 అడుగుల లోతు వరకు దిగి క్షేమంగా తిరిగి వచ్చారు. అక్కడ ఉన్న పదమూడేండ్ల జాక్ తానూ దిగుతానన్నాడు. తండ్రి అంగీకరించారు.

ఆనాటి మునకదుస్తును గురించి కొంచెం తెలుసుకోవాలి. రబ్బరు పూసిన మందపాటి గుడ్డతో చేసిన అంగరఖా, తలకు రాగి శిరస్త్రాణం, ఛాతీమీద, వీపుమీద సీసపు దిమ్మలు, కాళ్ళకు సీసపు అడుగులున్న బరువైన బూట్లు. పైన పడవలో మనుషులు చేతిపంపును తిప్పుతూ గొట్టం ద్వారా గాలిని పంపుతుంటారు. శిరస్త్రాణానికి ఒక కవాటం ఉంటుంది. మునిగినవాని ప్రాణం ఆ కవాటంలోనే ఉన్నదనవచ్చు. దానిని బిగిస్తే దుస్తు తోలుతిత్తివలె ఉబ్బి మనిషిని ఒక్కసారిగా పైకి ఎగదన్నుతుంది. వదులు చేస్తే గాలి బయటికి పోయి, మనిషి రాయివలె దిగిపోవడమే గాక నీటి పీడనం దేహాన్ని పిండివేస్తుంది. ఈ రెండింటి నడుమ, తేలకుండా మునగకుండా నిలపడం కవాటంమీది వేళ్ళ నేర్పు. జాక్ తొడిగినది పెద్దవారి కొలతకు కుట్టినది. బాలుని సన్నని మణికట్టుల వద్ద పట్టీలు బిగుసుకోక నీరు లోపలికి రాసాగింది. భయపడి వెంటనే పైకి లాగమనే సంకేతం ఇవ్వవచ్చు. అతడు అలా చేయక, కవాటాన్ని సర్దుతూ, లోపలి గాలితో నీటిని గొంతు దాటి రాకుండా ఆపుతూ అడుగున తన పని ముగించుకొని వచ్చాడు. చలితో కొయ్యబారిన బాలుని పైకి తీసి వెచ్చబరచవలసి వచ్చింది.

ఈ సందర్భంలో ఒక ప్రశ్నను విచారించడం యుక్తం. నీటిలో తన బరువును సర్దుకోవడానికి మనిషికి యంత్రం పంపే గాలి తప్పనిసరియా? 1943లో ఫ్రాన్సుదేశంలో నౌకాదళ అధికారి జాక్ ఈవ్ కూస్తో, ఇంజనీరు ఎమీల్ గాన్యాన్ కలిసి, వీపున కట్టుకొన్న సిలిండరునుంచి అడిగినప్పుడు మాత్రమే గాలినిచ్చే సాధనాన్ని రూపొందించారు. దానితో పడవకు, పంపుకు, గొట్టానికి కట్టుబడి ఉండవలసిన అవసరం తీరింది. స్కూబా అని ఈనాడు మనం వినే విద్య అక్కడినుంచే విస్తరించింది. తొలినాటి స్కూబా ఈతగాళ్ళకు గాలి నింపే చొక్కాలు లేవు. నడుముకు సీసపు తూకాలు, రొమ్ములో ఊపిరి, ఇవే వారి ఆధారం. తరువాత నోటితో ఊది నింపుకొనే చొక్కా వచ్చింది. ఆ తరువాత సిలిండరునుంచే చొక్కాలోకి గాలి వచ్చేలా ఒక గొట్టాన్ని, మీటను అమర్చారు. మీట నొక్కితే చాలు, చొక్కా ఉబ్బుతుంది.

ఈ మీట అవసరమా, సౌకర్యమా అన్న చర్చ ఈతగాళ్ళలో ఉన్నదే. లెక్క ఇలా ఉంటుంది. ఒక లీటరు గాలి నీటిలో సుమారు ఒక కిలో బరువును మోస్తుంది. మామూలుగా పీల్చే ఊపిరి అర లీటరు. గట్టిగా పీలిస్తే ఇంకా రెండు మూడు లీటర్లు పడుతుంది. అంటే కేవలం ఊపిరితోనే మనిషి తన బరువును ఒకటి రెండు కిలోల మేర సర్దుకోగలడు. అయితే ప్రతి పది మీటర్ల లోతుకు పీడనం ఒక వాతావరణం చొప్పున పెరుగుతుంది. ఉపరితలం వద్ద ఆరు లీటర్లున్న గాలి పది మీటర్ల వద్ద మూడు లీటర్లు, ఇరవై మీటర్ల వద్ద రెండు లీటర్లు అవుతుంది. చల్లని సముద్రాలలో తొడిగే మందపాటి రబ్బరు దుస్తులలోని గాలిబుడగలు కూడా లోతున అణగిపోతాయి. అప్పుడు మనిషి బరువెక్కుతాడు, ఆ లోటు చొక్కా పూరించాలి. మన తీరంవంటి వెచ్చని నీటిలో పలుచని దుస్తుతో, సరిగా తూచి కట్టుకొన్న సీసంతో దిగినవానికి ఆ లోటు స్వల్పం. నోటితో నాలుగైదు మార్లు ఊదితే తీరుతుంది. కాని నోటితో ఊదాలంటే శ్వాసనాళికను క్షణకాలం నోటినుంచి తీయాలి. ప్రవాహం ఈడ్చుకుపోతున్నప్పుడు, మరొకరిని మోసుకొని రావలసినప్పుడు ఆ క్షణం చాలా విలువైనది. అక్కడ మీట ఆదుకొంటుంది. అదే మీట ఇరుక్కుపోయి గాలి ఆగకుండా వస్తే, పూర్వం కవాటం బిగిసినవానివలె ఈతగాడు పైకి విసరివేయబడతాడు. అందుచేత శిక్షణలో మీటనూ నేర్పుతారు, నోటితో ఊదడాన్నీ నేర్పుతారు, గొట్టాన్ని ఊడదీయడమూ నేర్పుతారు. ఏ సాధనమున్నా మొదటి నియమం ఒక్కటే: పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టరాదు. లోతున పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. దానికి పెద్ద లోతు కూడా అవసరం లేదు.

తిరిగి హాల్డేన్ చరిత్రకు వద్దాం. ఈటన్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డులోని న్యూ కళాశాలలోను చదివిన ఆయన గణితంలోను, గ్రీకు లాటిన్ సాహిత్యాలతో కూడిన ప్రాచీన విద్యలలోను ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టా లేదన్న సంగతి చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికాధికారిగా పోరాడి గాయపడ్డారు. 1915లో జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువును ప్రయోగించినప్పుడు తండ్రితో కలిసి ఆ వాయువు నిండిన గదిలో కూర్చొని ముఖకవచాలను పరీక్షించారు. యుద్ధానంతరం ఆక్స్‌ఫర్డులో, కేంబ్రిడ్జిలో, 1933నుంచి లండను యూనివర్సిటీ కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. డార్విన్ ప్రకృతివరణ సిద్ధాంతాన్ని గణితంతో నిరూపించినవారిలో ఆయన ఒకరు. రక్తంలో ఆమ్లం పెరిగితే శ్వాస ఎలా మారుతుందో చూడడానికి అమ్మోనియం క్లోరైడును నీటిలో కలిపి తాగి, రోజుల తరబడి రొప్పుతూ తన పరిస్థితిని తానే నమోదు చేసుకొన్నారు. రాజకీయాలలో ఆయన వామపక్షవాది. సోవియట్ దేశంలో లైసెంకో జన్యుశాస్త్రాన్ని అణచివేస్తున్నప్పుడు స్పష్టంగా ఖండించడానికి ఆయన తటపటాయించారు. గొప్పవారి జీవితాలలో ఇటువంటి మచ్చలను దాచడం వారికి గౌరవం కాదు.

1939వ సంవత్సరం జూన్ 1న లివర్‌పూల్ అఖాతంలో థెటిస్ అనే కొత్త జలాంతర్గామి పరీక్షా ప్రయాణంలో మునిగిపోయింది. లోపల 103 మంది ఉన్నారు. సాధారణంగా ఉండవలసినవారికి ఇది దాదాపు రెట్టింపు. వారిలో చాలామంది నౌకానిర్మాణ కర్మాగారపు పనివారు. మరునాటి ఉదయం నౌక వెనుకభాగం నీటిపైన కనబడుతూనే ఉన్నది. రక్షణకు వచ్చినవారు కళ్ళారా చూస్తూనే ఉన్నారు. అయినా నలుగురే బయటపడ్డారు. 99 మంది మరణించారు. మరణించినవారిలో తమ సభ్యులు ఉన్నందున కార్మిక సంఘాలు కారణం తేల్చమని హాల్డేన్‌ను ఆశ్రయించాయి.

ఆయన కాగితాలమీద లెక్క వేసి ఊరుకోలేదు. స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన నలుగురిని తోడు తీసుకొని, మునకసాధనాలు తయారుచేసే సీబే గోర్మన్ సంస్థవారి ఉక్కు గదిలో మూత వేయించుకొని కూర్చున్నారు. 14 గంటల 30 నిమిషాలసేపు ఐదుగురూ తాము విడిచిన గాలినే మళ్ళీ పీల్చారు. గంటలు గడిచేకొద్దీ కార్బన్ డయాక్సైడు పెరిగి, తల పగిలే నొప్పి, ఎగశ్వాస, మనసు మందగించడం మొదలైనాయి. థెటిస్‌లోని వారికి బలం గాని, బుద్ధి గాని చాలని సమయంలో తప్పించుకొనే ప్రయత్నం చేయవలసి వచ్చిందన్న సత్యం దీనివల్ల బోధపడింది. ఆ నౌకలో ఉన్న డేవిస్ సాధనం ఛాతీమీద కట్టుకొనే రబ్బరు సంచి. దానిలోని ప్రాణవాయువు శ్వాసకు పనికి వస్తుంది. ఆ సంచే మనిషిని పైకి తేల్చుతుంది. మరీ వేగంగా పోకుండా నీటిని అడ్డగించడానికి దానికి ఒక ఆప్రాను కూడా ఉన్నది. సాధనం మంచిదే. దానిని సరిగా ధరించగల స్పృహ మనిషిలో మిగిలి ఉండాలి కదా!

యుద్ధం రాగానే నౌకాదళమే ఆయనను పిలిచింది. జలాంతర్గామినుంచి తప్పించుకొనేవారు ఎంత లోతున, ఏ వాయువును, ఎంతసేపు సురక్షితంగా పీల్చగలరన్నది ప్రశ్న. హాల్డేన్, ఆయన సహచరులు మార్టిన్ కేస్, హెలెన్ స్పర్వే మొదలైనవారు పీడనపు గదిలో వంతులవారీగా కూర్చొన్నారు. పది వాతావరణాల పీడనంలో సాధారణమైన గాలి కూడా మనిషిని మత్తులో ముంచుతుందని, సులభమైన కూడికలు సైతం తప్పుతాయని చూశారు. మంచునీటిలో కూర్చొని అదే పరీక్షను చేశారు. స్వచ్ఛమైన ప్రాణవాయువును అధికపీడనంలో పీలిస్తే మూర్ఛ వస్తుందని తెలుసుకొన్నది కూడా తమ శరీరాలమీదనే. అటువంటి ఒక మూర్ఛలో హాల్డేన్ వెన్నుపూసలు దెబ్బతిన్నాయి; ఆ నొప్పి ఆయనను జీవితాంతం వదలలేదు. చెవిపొర చిల్లుపడింది. ఆ చిల్లుగుండా పొగ వదలవచ్చునని ఆయన నవ్వుతూ చెప్పుకొనేవారు. ఆ ఫలితాలు బ్రిటిష్ నౌకాదళపు చిన్న జలాంతర్గాములలో పనిచేసేవారికి, నీటి అడుగున ఈదే సైనికులకు ఉపకరించాయి. మేకలమీద మొదలైన తండ్రి పరిశోధనను కుమారుడు తన ఎముకలతో కొనసాగించాడనడం అతిశయోక్తి కాదు.

1945లో ఆయన హెలెన్ స్పర్వేను వివాహమాడారు. 1957లో ఇద్దరూ ఇంగ్లండును విడిచి కలకత్తాకు వచ్చారు. సూయజ్ కాలువ విషయంలో బ్రిటన్ చేసిన దాడికి నిరసనగా ఆ దేశాన్ని విడిచానని ఆయన ప్రకటించారు. ఆచార్య మహలనోబిస్ ఆహ్వానంపై భారత గణాంక సంస్థలో చేరారు. ఖద్దరు వస్త్రాలు ధరించి, మాంసాహారం మాని, భారత పౌరసత్వం స్వీకరించారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు అనే తెలుగు యువకుడు అక్కడ ఆయనకు శిష్యుడయ్యాడు. ఆంధ్రదేశంలో మేనరికాలు, మేనమామ మేనకోడళ్ళ వివాహాలు ఎంత విరివిగా ఉన్నాయి, వాటి ప్రభావం సంతానంమీద ఏమిటి అన్న విషయంపై కృష్ణారావు సహచరునితో కలిసి పరిశోధన చేసి 1960వ దశకంలో ప్రకటించారు. ఖరీదైన పరికరాలు లేకుండా కళ్ళతో చూసి, ఓపికతో లెక్కించి చేయగల శాస్త్రం మన దేశంలో ఎంతో ఉన్నదని హాల్డేన్ విశ్వాసం. కలకత్తాలో అధికారుల పద్ధతులు నచ్చక సంస్థను విడిచిన ఆయన 1962లో ఒరిస్సా ప్రభుత్వ సహాయంతో భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పారు.

అక్కడ ఎక్కువకాలం పనిచేసే అవకాశం ఆయనకు దక్కలేదు. 1964 ప్రారంభంలో లండనులో క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగింది. ఆసుపత్రిలో ఉండగానే తన వ్యాధిమీద హాస్యకవిత రాసి పత్రికకు పంపారు. చదివినవారిలో కొందరు జుగుప్స చెందారు. తొలిదశలోనే వైద్యుని వద్దకు వెళ్ళండని చెప్పడమే ఆయన ఉద్దేశం. తన మరణానంతరం ప్రసారం చేయడానికి తన చరమశ్లోకాన్ని తానే చెప్పి బి.బి.సి.వారిచేత చిత్రీకరింపజేసుకొన్నారు. వ్యాధి తిరగబెట్టి, 1964వ సంవత్సరం డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

వీలునామాలో ఆయన తన దేహాన్ని గురించి రాశారు. జీవించి ఉండగా అది పరిశోధనకు ఉపయోగపడింది కనుక, మరణించిన తరువాత విద్యార్థుల అధ్యయనానికి ఉపయోగపడాలన్నది దాని సారాంశం. దేవకార్యంకోసం వెన్నెముకనిచ్చిన దధీచి కథ మనకు కొత్త కాదు. అప్పటికే సగం వెన్నును ఉక్కు గదిలో సమర్పించివచ్చిన హాల్డేన్ మిగిలిన దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు ఇవ్వాలని నిర్దేశించారు. ఆయన కోరిక ప్రకారమే దేహాన్ని భువనేశ్వర్‌నుంచి కాకినాడకు చేర్చారు. ఆ కళాశాల అప్పటికి ప్రారంభమై ఆరు సంవత్సరాలు.